పరిచర్య, ఆరోగ్య బోధన (వజ్రకరూరు)

రోగిని శుభ్రంగా ఉంచడం, నాడి, జ్వరం, శ్వాస గమనించడం, ఆ పనులు ఇంటివారికి నేర్పడం పరిచర్యలో మొదటి మెట్టు. అనంతపురం జిల్లా వజ్రకరూరు వంటి కరువు మండలాల్లో ఈ బోధన ఏఎన్‌ఎంలు (సహాయక నర్సులు), 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ఆశా కార్యకర్తల మీద నడుస్తుంది. ఉదాహరణకు, విరేచనాలకు లీటరు పొట్లం ఓఆర్‌ఎస్‌ను (ఉప్పు, చక్కెర మిశ్రమాన్ని) లీటరు మంచినీటిలో మొత్తంగా కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. సగం పొట్లం దాచుకుంటే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. ఇదంతా చెప్పి అర్థమైందా అంటే అందరూ తలూపుతారు; కలిపి చూపమంటేనే సంగతి తేలుతుంది. పక్షవాతంతో మంచంపట్టినవారిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకుంటే పిరుదులు, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఎర్రబారిన చోట మర్దన చేయకూడదు.