ఆకాశయానమున ప్రాణవాయు లోపము - వైమానికుని కర్తవ్యము

మన పాఠ్యపుస్తకములు ఆమ్లజని యనియు, ప్రాణవాయువనియు రెండు పేర్లు నేర్పినవి. రెండవ పేరెంత సార్థకమో ఆకాశయాన చరిత్ర తెలుపుచున్నది. ఎంత యెత్తునకు పోయినను గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి 21 వంతులే. కాని 18,000 అడుగుల యెత్తున వాయుపీడనము సముద్రమట్టము నందలి దానిలో సగమే యగుటచే, అది రక్తమున చాలినంత చేరదు.

1862 సెప్టెంబరు 5వ తేదీన ఇంగ్లండునందలి వుల్వర్‌హాంప్టన్ నుండి గ్లెయిషర్, కాక్స్‌వెల్ అనువారు బెలూనులో ఎగిరిరి. సుమారు 29,000 అడుగుల యెత్తున గ్లెయిషర్ స్మృతి తప్పెను. చేతులు పనిచేయకపోగా కాక్స్‌వెల్ కవాటపు త్రాటిని పండ్లతో లాగి బెలూనును దింపెను. ఇరువురును బ్రదికిరి.

1875 ఏప్రిల్ 15వ తేదీన పారిస్ నుండి 'జెనిత్' బెలూనులో ముగ్గురు బయలుదేరిరి. ప్రాణవాయువు నింపిన సంచులు వారి వెంట నుండెను. అది చాలదని శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ వ్రాసిన లేఖ సకాలమున అందలేదు. ఉన్న కొంచెమును అవసరము వచ్చువరకు దాచుకొనదలచిరి. అవసరము వచ్చినప్పుడు చేయి లేవలేదు. క్రోసే-స్పినెల్లి, సివెల్ మరణించిరి. బ్రదికిన తిసాందియే తనకు బాధ తోచలేదనియు, పైగా ఆనందము కలిగెననియు వ్రాసెను.

ఇదియే ఇందలి మోసము. ఆపదను గుర్తింపవలసిన బుద్ధియే మొదట మందగించును. కావున వైమానికుడు తన స్థితిని పరీక్షించుకొనుచు కూర్చుండరాదు. 35,000 అడుగుల యెత్తున తెలివి పనిచేయు వ్యవధి అరనిమిషము మొదలు ఒక నిమిషము మాత్రమే. అనుమానము కలిగినంతనే ముసుగు ధరించి, గాలి కలియని ప్రాణవాయువును పీల్చవలెను. పిమ్మట విమానమును 10,000 అడుగులకు, క్రింద కొండలున్నచో వానికి పైనున్న క్షేమకరమైన ఎత్తునకు, వేగముగ దింపవలెను. నేలమీది నియంత్రణాధికారులకు తెలుపవలెను. కారణాన్వేషణము ఆ తరువాతి పని.

ఈ క్రమము తప్పిన ఫలితము 2005 ఆగస్టు 14వ తేదీన కనబడెను. సైప్రస్‌నందలి లార్నకా నుండి ఏథెన్సునకు బయలుదేరిన జెట్ విమానమున పీడనమును నియంత్రించు మీట తప్పు స్థానమున నుండెను. హెచ్చరిక మ్రోగగా వైమానికులు దానిని వేరొక హెచ్చరికగా భావించి, కారణము వెదకుచునే స్మృతి కోల్పోయిరి. 121 మంది మరణించిరి. జెనిత్ నాటికిని దీనికిని నడుమ 130 ఏండ్లు. యంత్రములు మారినవి, మానవదేహము మారలేదు.

విమానమెక్కు మనకును ఇదే పాఠము. ముసుగు మొదట తాను ధరించి, తరువాత ఒడిలోని బిడ్డకు తొడుగవలెనని చెప్పుదురు. తల్లిమనసునకది కఠినముగ తోచును. కాని తల్లి స్మృతి తప్పినచో బిడ్డను కాచువారెవరు?