గృహ కొనుగోలు - పన్ను రాయితీలు - కాలనిర్ణయం: ఒక చారిత్రక పరిశీలన (1961-2025)

వ్యాససంగ్రహం:

సొంత ఇంటి కొనుగోలును ప్రోత్సహించడానికి భారత ఆదాయపన్ను చట్టం గత ఆరు దశాబ్దాలలో పలు రాయితీలను కల్పించింది. వీటి చరిత్రను సాధారణంగా పరిమితుల పెంపుదల చరిత్రగా చూస్తారు. అయితే ప్రతి రాయితీ వెంట ఒక గడువు కూడా నడిచింది. నిర్మాణం ముగిసిన తేదీ, రుణం మంజూరైన తేదీ, పాత ఇల్లు అమ్మిన తేదీ, దస్తావేజు రిజిస్టరైన తేదీ - వీటిలో ఏది ప్రమాణమన్నదాన్ని బట్టి ఒకే ఆదాయం, ఒకే ఇల్లు ఉన్న ఇద్దరు వేర్వేరు పన్నులు కట్టవలసి వచ్చింది. ఈ కాలనియమాలు రూపుదిద్దుకున్న తీరును, వాటిపై న్యాయస్థానాల వ్యాఖ్యానాన్ని, తెలుగు ప్రాంతంలోని ముహూర్త సంప్రదాయంతో వాటికి ఏర్పడిన సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: గృహరుణం, ఆదాయపన్ను, వడ్డీ తగ్గింపు, మూలధన లాభం, రిజిస్ట్రేషన్, గడువు, ముహూర్తం.

1. ఉపోద్ఘాతం:

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత గృహనిర్మాణాన్ని ఒక కుటుంబం జీవితకాలంలో ఎదుర్కొనే పెద్ద పరీక్షలలో ఒకటిగా నిలిపింది. ఆ పరీక్షకు కాలాన్ని నిర్ణయించే పని తెలుగు సమాజంలో చాలాకాలం పంచాంగానిదే. శంకుస్థాపనకూ, గడప పెట్టడానికీ, గృహప్రవేశానికీ తిథివార నక్షత్రాలు చూడడం నేటికీ కొనసాగుతున్న ఆచారం. ఉద్యోగి జీతం మీద పన్ను, ఆ జీతాన్ని ఆధారం చేసుకున్న గృహరుణం విస్తరించిన తర్వాత మరొక కాలగణన ఇందులో ప్రవేశించింది. అది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగిసే ఆర్థిక సంవత్సరం. ఇల్లు ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు ఈ రెండు గణనలూ వేర్వేరు సమాధానాలు చెబుతాయి. వీటిలో రెండవదాని చరిత్ర ఈ వ్యాసానికి ప్రధాన విషయం.

2. వార్షిక విలువ నుంచి వడ్డీ తగ్గింపు దాకా (1961-1998):

1961 నాటి ఆదాయపన్ను చట్టం సెక్షన్ 22 ఇంటిని దాని 'వార్షిక విలువ' ఆధారంగా పన్నుకు లోబరచింది. ఇల్లు వాస్తవంగా తెచ్చిన అద్దె ఎంత అన్నది ఇక్కడ మౌలిక ప్రశ్న కాదు. అది ఎంత అద్దె తేగలదన్నది ప్రశ్న. అందువల్ల యజమాని తానే నివసిస్తున్న ఇంటికి కూడా, కొన్ని సడలింపులతోనే అయినా, ఒక ఊహాత్మక ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతి ఉండేది. 1987 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుతో యజమాని నివసించే ఒక ఇంటి వార్షిక విలువను సున్నాగా పరిగణించారు. ఆదాయం సున్నా అయినప్పుడు ఖర్చును తగ్గించడానికి తర్కరీత్యా అవకాశం లేదు. అయినా రుణంపై వడ్డీలో 5,000 రూపాయల వరకు తగ్గింపును చట్టం అనుమతించింది. స్వీయనివాస గృహం పన్ను విధింపు వస్తువు నుంచి పన్ను ప్రోత్సాహక వస్తువుగా మారిన సందర్భంగా దీన్ని గుర్తించవచ్చు.

ఈ మార్పుకు సంస్థాగత నేపథ్యం ఉంది. 1970లో హడ్కో, 1977లో హెచ్‌డిఎఫ్‌సి ఏర్పడ్డాయి. 1987 నాటి చట్టం ద్వారా 1988లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు పని ప్రారంభించింది. అప్పటివరకు ఎక్కువగా భవిష్యనిధి, బంగారం, బంధువుల చేబదులు మీద ఆధారపడిన మధ్యతరగతి గృహనిర్మాణానికి దీర్ఘకాల రుణం ఒక మార్గమైంది. 1998 బడ్జెట్ వడ్డీ తగ్గింపు పరిమితిని 15,000 నుంచి 30,000 రూపాయలకు పెంచింది. ఈ దశలో చట్టం ప్రధానంగా మొత్తం గురించే మాట్లాడింది.

3. నిర్మాణపు గడువు (1999-2016):

1999 బడ్జెట్‌తో పరిస్థితి మారింది. వడ్డీ తగ్గింపు పరిమితి ఒక్కసారిగా 75,000 రూపాయలకు చేరింది. అయితే 1999 ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని తీసుకున్న రుణాలకే ఇది వర్తించింది. పైగా 2001 ఏప్రిల్ 1 లోపు ఇల్లు కొనడమో, నిర్మాణం పూర్తి చేయడమో జరగాలి. పాత రుణగ్రహీతకు 30,000 పరిమితే మిగిలింది. ఒకే వీధిలో, ఒకే జీతంతో ఉన్న ఇద్దరు ఉద్యోగులను రుణం తీసుకున్న తేదీ రెండు తరగతులుగా విభజించింది.

2001లో పరిమితి 1,50,000 రూపాయలకు చేరగా, నిర్మాణపు గడువు 2003 ఏప్రిల్ 1కి జరిగింది. కొద్దికాలానికే అందరికీ ఒకే తేదీ అన్న పద్ధతిని విడిచి, రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి మూడేళ్ళు అన్న నియమం వచ్చింది. 2014లో పరిమితి 2,00,000 రూపాయలైంది. 2016లో మూడేళ్ళ వ్యవధిని ఐదేళ్ళు చేశారు. ఆ వ్యవధిలోగా ఇల్లు పూర్తికాకపోతే పరిమితి తిరిగి 30,000 రూపాయలకు పడిపోతుంది. నిర్మాణం జరుగుతున్న కాలంలో కట్టిన వడ్డీకి ఏటికేడు తగ్గింపు లభించదు. ఇల్లు పూర్తయిన సంవత్సరం నుంచి ఐదు సమాన వాయిదాలలో, అదే పరిమితికి లోబడి లభిస్తుంది.

ఈ నియమంలో ఒక అసమానత ఉంది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి పనివేగం కొంతవరకు తమ చేతిలో ఉంటుంది. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవారికి అది నిర్మాణ సంస్థ చేతిలో ఉంటుంది. ఆలస్యం ఒకరిది, నష్టం మరొకరిది. అదే సమయంలో అద్దె, నెలవారీ వాయిదా రెండూ భరించేది కూడా ఆ కొనుగోలుదారే. వ్యవధిని ఐదేళ్ళకు పెంచడం ఈ సమస్య తీవ్రతను తగ్గించింది గాని, దాని స్వభావాన్ని మార్చలేదు.

4. మంజూరు తేదీ ప్రధానమైన దశ (2013-2022):

2013లో సెక్షన్ 80ఇఇ కొత్త ప్రమాణాన్ని తెచ్చింది. తొలిసారి ఇల్లు కొనేవారికి లక్ష రూపాయల అదనపు వడ్డీ తగ్గింపును ఇచ్చింది. రుణం 2013 ఏప్రిల్ 1, 2014 మార్చి 31 మధ్య మంజూరై ఉండాలి. రుణం 25 లక్షలు, ఇంటి విలువ 40 లక్షలు దాటకూడదు. 2016-17లో మంజూరైన రుణాలకు ఇదే సెక్షన్ వేరే పరిమితులతో, 50,000 రూపాయల తగ్గింపుతో తిరిగి వచ్చింది. 2019లో వచ్చిన సెక్షన్ 80ఇఇఏ, 45 లక్షల రూపాయలకు మించని స్టాంపు విలువ గల ఇళ్ళకు 1,50,000 రూపాయల అదనపు తగ్గింపును కల్పించింది. మొదట 2020 మార్చి 31గా ఉన్న మంజూరు గడువును రెండుసార్లు పొడిగించి 2022 మార్చి 31 వరకు తెచ్చారు.

ఈ గడువుల ఫలితాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 2022 మార్చి 31న రుణం మంజూరైన వ్యక్తికి అదనపు తగ్గింపు హక్కు వడ్డీ కట్టే కాలమంతా వర్తిస్తుంది. మరునాడు మంజూరైన వ్యక్తికి ఒక్క ఏడాదికి కూడా వర్తించదు. ఇద్దరి అవసరంలోను, స్తోమతలోను తేడా లేదు.

ప్రకటిత పరిమితికీ, వాస్తవ ప్రయోజనానికీ మధ్య దూరం కూడా గమనార్హం. రెండు సెక్షన్లూ కలిపితే ఏడాదికి 3,50,000 రూపాయల తగ్గింపు కనిపిస్తుంది. 45 లక్షల ధర గల ఇంటికి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు 80 శాతం, అంటే 36 లక్షలు, మించి ఇవ్వదు. వడ్డీ 8 శాతం అనుకుంటే తొలి ఏడాది వడ్డీ దాదాపు 2,88,000 రూపాయలు. అందులో 2,00,000 సెక్షన్ 24(బి) కిందికి పోగా కొత్త సెక్షన్‌కు మిగిలేది సుమారు 88,000. ఇరవై శాతం పన్ను శ్రేణిలో ఉన్నవారికి సెస్సుతో కలిపి దీనివల్ల ఆదా అయ్యేది 18,300 రూపాయలు. అసలు తగ్గేకొద్దీ ఇది కూడా ఏటేటా తగ్గుతుంది. గడువు దాటిపోతుందన్న ఆందోళనతో ఇంటి ధరలో ఒక శాతం ఎక్కువ చెల్లించిన కొనుగోలుదారు రెండేళ్ళకు పైగా వచ్చే రాయితీని ముందే పోగొట్టుకున్నట్టు.

5. అమ్మకం, కొనుగోలు మధ్య కాలం - న్యాయస్థానాల వ్యాఖ్యానం:

పాత ఇల్లు అమ్మి కొత్త ఇల్లు కొనేవారికి సెక్షన్ 54 మూలధన లాభంపై మినహాయింపు ఇస్తుంది. అమ్మకానికి ఏడాది ముందు గాని, రెండేళ్ళ లోపు గాని కొనాలి, కట్టుకునేవారికి మూడేళ్ళు. 'కొనుగోలు' అంటే ఏమిటి, 'అమ్మకం' ఏ రోజున జరిగినట్టు అన్న రెండు ప్రశ్నలూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి.

మొదటి ప్రశ్నపై ప్రసిద్ధమైన తీర్పు తెలుగు ప్రాంతానికి చెందిన వివాదంలో వెలువడింది. ఆంధ్రప్రదేశ్ ఆదాయపన్ను కమిషనరుకు, టి.ఎన్.అరవిందరెడ్డికి మధ్య నడిచిన ఈ వ్యాజ్యంలో 1979లో తీర్పు వచ్చింది. పంపకాల తర్వాత నలుగురు సోదరులకు ఉమ్మడిగా మిగిలిన ఇంట్లో ముగ్గురు తమ వాటాలను ప్రతిఫలం తీసుకుని నాలుగో సోదరునికి విడుదల దస్తావేజుల ద్వారా వదులుకున్నారు. ఆయన తన సొంత ఇల్లు అమ్మిన సొమ్మును ఇందుకు వినియోగించారు. అన్నదమ్ముల నుంచి వాటా విడిపించుకోవడం కొనుగోలు కాదని పన్ను శాఖ వాదించింది. ప్రతిఫలమిచ్చి వాటా పొందడం కూడా కొనుగోలేనని న్యాయస్థానం నిర్ణయించింది. భాగపంపకాలు, విడుదల దస్తావేజులు సర్వసాధారణమైన సమాజంలో పదానికి లోకవ్యవహారంలోని అర్థాన్ని ఇచ్చిన తీర్పు ఇది.

రెండవ ప్రశ్న 2014 నాటి సంజీవ్‌లాల్ వ్యాజ్యంలో తలెత్తింది. పాత ఇంటికి 2002 డిసెంబరులో విక్రయ ఒప్పందం కుదిరింది. వీలునామాపై వివాదం వల్ల న్యాయస్థానం నిషేధం విధించడంతో విక్రయ దస్తావేజు 2004 సెప్టెంబరులో గాని పూర్తికాలేదు. కొత్త ఇంటిని మాత్రం 2003 ఏప్రిల్‌లో కొన్నారు. దస్తావేజు తేదీని బట్టి చూస్తే కొనుగోలు ఏడాది కంటే ముందే జరిగింది. ఆ పరిస్థితుల్లో ఒప్పందం తేదీనే ప్రమాణంగా గ్రహించి సుప్రీంకోర్టు మినహాయింపును అనుమతించింది. సాధారణ పరిస్థితుల్లో ఒప్పందం ఆస్తి బదిలీకి సమానం కాదని కూడా గుర్తుచేసింది. మనిషి అధీనంలో లేని ఆలస్యాన్ని అతని మీద మోపరాదన్న దృష్టి ఈ తీర్పులో వ్యక్తమవుతుంది.

6. రిజిస్ట్రేషన్ తేదీ, ముహూర్తం:

ఆదాయపన్ను కేంద్రానిదైతే స్టాంపు సుంకం రాష్ట్రాల పరిధిలోనిది. ఇక్కడ తేదీ ప్రభావం మరింత ప్రత్యక్షంగా ఉంటుంది. కోవిడ్ కాలంలో మహారాష్ట్ర ప్రభుత్వం స్టాంపు సుంకాన్ని 2020 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు మూడు శాతం, 2021 మార్చి 31 వరకు రెండు శాతం తగ్గించింది. ముంబయిలో ఐదు శాతంగా ఉన్న సుంకం తొలి దశలో రెండు శాతానికి దిగింది. తెలంగాణలో పరిస్థితి భిన్నం. వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లు 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు నిలిచిపోయాయి. 2021 జూలై 22 నుంచి మార్కెట్ విలువలను సవరించడంతో పాటు రిజిస్ట్రేషన్ ఖర్చులను 6 నుంచి 7.5 శాతానికి పెంచారు.

ఆ తేదీ ఆషాఢమాసంలో వచ్చింది. ఆ నెల 24న ఆషాఢ పౌర్ణమి. ఆషాఢాన్ని శూన్యమాసంగా భావించి శ్రావణం కోసం ఆగిన కుటుంబానికి 40 లక్షల విలువ మీద అదనంగా పడిన భారం 60,000 రూపాయలు; మార్కెట్ విలువ పెంపు ప్రభావం దీనికి అదనం. ముహూర్తం గృహప్రవేశానికే గాని దస్తావేజుకు కాదన్న విభజన తెలుగు కుటుంబాల్లో ఎందుకు అవసరమో ఈ సందర్భం తెలుపుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కూడా దస్తావేజు రాసుకున్న నాటి నుంచి నాలుగు నెలల వ్యవధిని ఇస్తుంది.

నిర్మాణంలో ఉన్న ఇంటికి, పూర్తయిన ఇంటికి మధ్య మరొక కాలభేదం ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణంలో ఉన్న ఇళ్ళపై జిఎస్‌టి 5 శాతం, అందుబాటు ధర ఇళ్ళపై 1 శాతం. నిర్మాణపూర్తి ధ్రువపత్రం వచ్చిన తర్వాత అమ్మే ఇంటికి ఈ పన్ను లేదు.

7. ఇరవై ఏళ్ళ రుణం, ఏటేటా మారే చట్టం:

గృహరుణం సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళ ఒప్పందం. ఫైనాన్స్ చట్టం ఏటేటా వస్తుంది. 2017 వరకు అద్దెకిచ్చిన ఇంటిపై వడ్డీ వల్ల ఏర్పడే నష్టమంతటినీ జీతం నుంచి తగ్గించుకునే వీలుండేది. ఆ ఏడాది దానికి 2,00,000 రూపాయల పరిమితి విధించారు. పాత రుణాలకూ ఇది వర్తించింది. 2020లో వచ్చిన కొత్త పన్ను విధానం తక్కువ రేట్లకు బదులుగా స్వీయనివాస గృహంపై వడ్డీ తగ్గింపును, అసలు చెల్లింపుపై సెక్షన్ 80సి ప్రయోజనాన్ని తొలగించింది. 2023-24 నుంచి ఇదే మూలవిధానమైంది. పాతది కోరుకుంటేనే లభిస్తుంది. 2025 బడ్జెట్ కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయానికి రిబేటు ద్వారా పన్ను లేకుండా చేసింది. ఆ పరిధిలోని కుటుంబానికి గృహరుణ రాయితీ ఇంటి కొనుగోలుకు కారణంగా నిలిచే అవకాశం దాదాపు లేదు. 2019లో రాయితీని లెక్కలోకి తీసుకుని నెలవారీ వాయిదాను నిర్ణయించుకున్నవారి అంచనాకు ఆధారం ఐదేళ్ళలోనే మారిపోయింది.

అయితే కొనుగోలుదారు వైపు బంధం అలాగే ఉంది. ఇంటిని స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్ళలోపు అమ్మితే, సెక్షన్ 80సి కింద అంతకుముందు పొందిన తగ్గింపును తిరిగి ఆదాయంలో కలుపుతారు. చట్టం తన మాటను ఏటా సవరించుకోగలదు; కొనుగోలుదారు తన నిర్ణయాన్ని ఐదేళ్ళ వరకు మార్చుకుంటే మూల్యం చెల్లించాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. గృహ రాయితీల చరిత్రలో ప్రమాణతేదీ నిర్మాణపూర్తి నుంచి రుణ మంజూరుకు, అక్కడి నుంచి పన్ను విధానపు ఎంపికకు మారుతూ వచ్చింది. గడువుతో కూడిన రాయితీ కొనగలిగినవారిని కొంత ముందుగా కొనేట్టు చేయగలదు గాని, కొనలేనివారికి స్తోమతను కల్పించలేదు. పన్ను కట్టేంత ఆదాయం లేనివారికి ఈ రాయితీలు మొదటి నుంచీ అందలేదు. గడువు కఠినమైన చోట కొంత ఉపశమనం న్యాయస్థానాల వ్యాఖ్యానం ద్వారా లభించింది. ఇంటి అవసరం, వాయిదా కట్టగల స్తోమత నిలకడగా ఉన్నప్పుడు రాయితీ అదనపు లాభం మాత్రమే. దానినే ఆధారం చేసుకున్న నిర్ణయం ఎంత అస్థిరమో 2017 తర్వాతి మార్పులు నిరూపించాయి. పంచాంగం ఏడాది ముందే చేతికి వస్తుంది. పన్ను చట్టపు రాబోయే ఏడాది మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. గృహరుణ కాలమంతటికీ వర్తించే స్థిరమైన నియమం ఏర్పడనంతవరకు ఈ అసమానత కొనసాగుతుంది.