కరణం కవిలె నుంచి లండన్ దాకా: ఒక బ్యాకప్ తిరిగొచ్చిన కథ

పోయిన ఎపిసోడ్‌లో డేటాబేస్ బ్యాకప్ ఎలా తీయాలో మాట్లాడుకున్నాం. అది విని చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, బ్యాకప్ రోజూ రాత్రి సర్వర్‌లో పడుతోంది. దాన్ని మళ్లీ మన కంప్యూటర్‌కి దించుకోవడం ఎందుకు?" మంచి ప్రశ్న. దీనికి కమాండ్లతో కాకుండా చరిత్రతో జవాబు చెప్తాను. ఎందుకంటే ఈ సమస్య కంప్యూటర్ల కంటే చాలా పాతది, అదీ మన సీమలోనే జరిగింది.

ముందు రెండు మాటలు. డేటాబేస్ అంటే రోజూ మారే లెక్క. బ్యాకప్ అంటే ఒకానొక రోజున ఆ లెక్క ఎలా ఉందో తీసిపెట్టుకున్న నకలు. పాతకాలంలో మన ఊళ్లలో ఆ లెక్క కరణం దగ్గర ఉండేది. భూములు, శిస్తు, ఇనాములు, గుడి మాన్యాలు, ఊరు ఎప్పుడు పుట్టింది, ఎవరు ఏలారు, ఇవన్నీ దండకవిలె అనే పుస్తకంలో రాసేవాళ్లు. తరం మారితే కొత్త కరణం దాన్ని కొనసాగించేవాడు. అంటే నడుస్తున్న డేటాబేస్ అన్నమాట.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాడు. దత్తమండలాలు అనేది అప్పటి మాటే. ఆ తర్వాత ఇక్కడ సర్వే చేసినవాడు కోలిన్ మెకంజీ. స్కాట్లండ్ మనిషి. 1783లో మద్రాసు చేరి, చివరికి 1815లో మొత్తం ఇండియాకే సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకి మన భాషలు రావు. పని నడిపింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే చనిపోతే లక్ష్మయ్య బాధ్యత తీసుకున్నాడు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, కవిలెలు చూసి, శాసనాలు చదివి రాయించినవే కైఫియత్తులు. ఇంజనీర్ భాషలో చెప్పాలంటే డంప్ ఫైళ్లు.

ఇప్పుడు అసలు కథ. 1821లో మెకంజీ కలకత్తా దగ్గర చనిపోయాడు. కంపెనీ ఆయన భార్య దగ్గర ఆ సేకరణ మొత్తాన్ని లక్ష రూపాయలకు కొన్నది. కొంత భాగం లండన్‌కి వెళ్లింది. 1828లో హెచ్.హెచ్. విల్సన్ కలకత్తాలో కేటలాగ్ అచ్చువేశాడు. విల్సన్ గొప్ప సంస్కృత పండితుడు, కానీ తెలుగు, తమిళం ఆయనకి రావు. సహాయకులు రాసిచ్చిన సారాంశాల మీద ఆధారపడాల్సి వచ్చింది. దక్షిణాది భాషల కాగితాలు ఆ తర్వాత మద్రాసుకి చేరాయి. చూడండి, ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి. కానీ ఎక్కడున్నాయి? చదవగలిగినవాళ్లకి దూరంగా, చదవలేనివాళ్ల దగ్గర. మన సర్వర్ బ్యాకప్‌ల పరిస్థితి కూడా చాలాసార్లు ఇదే.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మెకంజీ పోయాక ఆ పని తానే కొనసాగిస్తానని కావలి లక్ష్మయ్య అడిగాడు. ఏళ్ల తరబడి ఫీల్డ్‌లో పనిచేసిన మనిషి. 1830ల్లో ఆ విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాకా వెళ్తే, ఇలాంటి పనికి ఆయన సామర్థ్యం చాలదని పక్కన పెట్టారు. సిస్టమ్ కట్టినవాడికే యాక్సెస్ ఇవ్వలేదన్నమాట. పని విలియం టేలర్ అనే పాదిరీకి వెళ్లింది. టేలర్ చేసిన మేలు కూడా చెప్పాలి. పురుగు కొట్టేసిన, సిరా వెలిసిపోయిన కాగితాలను మళ్లీ రాయించి ఐదు పెద్ద సంపుటాలు చేశాడు. బ్యాకప్ కూడా పాడైపోతుంది అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అప్పుడే వచ్చాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకి వచ్చాడు. ఆ తర్వాతి ఏళ్లలో తాళపత్రాలు వెతికించడం, పండితులకి సొంత జీతాలిచ్చి నకళ్లు రాయించడం ఆయన పని. వేమన పద్యాలకి ఒక్క ప్రతిని నమ్మలేదు. ఎన్నో ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, 1829లో అచ్చు వేశాడు. మనం ఇప్పుడు ఫైల్ దించుకున్నాక చెక్‌సమ్ సరిపోయిందా లేదా అని చూస్తాం కదా, అక్కడి ఫైలూ ఇక్కడి ఫైలూ ఒకటేనా అని. ఆ జాగ్రత్త వెనక ఉన్నదీ ఇదే బుద్ధి: నకలు చేతికొచ్చింది కదా అని నమ్మేయకూడదు.

1830ల మధ్యలో బ్రౌన్ ఇంగ్లండ్ వెళ్లాడు. లండన్‌లో కంపెనీ వారి ఇండియా హౌస్ లైబ్రరీలో దక్షిణాది రాతప్రతుల కుప్ప కనిపించింది. జాన్ లైడెన్ అనే భాషావేత్త సేకరించినవి. లైడెన్ 1811లో జావాలో చనిపోతే కంపెనీ కొని అక్కడ పెట్టింది. పట్టించుకునే నాథుడు లేడు. బ్రౌన్ కంపెనీకి విన్నపాలు పెట్టి, వాటిని మద్రాసుకి తెప్పించాడు. ఓడలో, ఆఫ్రికా చుట్టూ తిరిగి, నెలల ప్రయాణం! రిమోట్ సర్వర్ నుంచి క్లయింట్‌కి బ్యాకప్ తెచ్చుకోవడం అంటే ఇదే.

లైడెన్‌వి, మెకంజీవి, బ్రౌన్ సొంతవి, మూడూ కలిసే మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. మెకంజీ కైఫియత్తులకు కూడా బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. నకలుకి నకలు. చాలా ఊళ్లలో ఇవాళ దండకవిలె లేదు. అసలు పోయింది, బ్యాకప్ మిగిలింది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే నిలబడిన సి.పి. బ్రౌన్ కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. అంటే రెండు వందల ఏళ్ల తర్వాత రిస్టోర్ అయింది!

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని తుడిచేశాడు. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే రోజువారీ డంపులు పడటమే లేదు. ఫెయిలయ్యామని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆ రోజే ఒకరు వేరే పనికి తీసుకున్న కాపీ వాళ్లని కాపాడింది. అయినా సుమారు 6 గంటల డేటా పోయింది. దాచిన గదిని ఎవరూ తెరిచి చూడకపోతే 1830ల లండన్ అయినా, 2017 క్లౌడ్ అయినా ఒకటే.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు. అసలు డేటా, దాని నకలు ఒకే సర్వర్‌లో ఉంటే ఇల్లు కాలితే రెండూ పోతాయి. అందుకే దించుకోవాలి. సర్వర్ మనకి పంపడం కంటే మన మెషీనే వెళ్లి తెచ్చుకోవడం మేలు. సర్వర్‌లో ఎవడైనా దూరినా మన దగ్గరున్న కాపీని తాకలేడు. ప్రతిసారీ మొత్తం లాగక్కర్లేదు, 1996లో వచ్చిన ఆర్‌సింక్ లాంటి టూల్ మారిన ముక్కలే తెస్తుంది. తెచ్చాక చెక్‌సమ్ చూడండి. నెలకోసారైనా ఖాళీ మెషీన్‌లో రిస్టోర్ చేసి, తెరిచి చదవండి.

మా వెలుగోడు రిజర్వాయర్‌నే చూడండి. దాదాపు 17 టీఎంసీలు పడుతుంది. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల దాటి ఇక్కడికొస్తాయి, తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా వెళ్తాయి. శ్రీశైలంలో ఎన్ని నీళ్లున్నా కాలువ పారకపోతే మా పొలం తడవదు. బ్యాకప్ కూడా అంతే. దాచడం సగం పనే, దాని అవసరం ఉన్నవాడి చేతికి చేరి, అతను చదవగలిగినప్పుడే పని పూర్తయినట్టు.

మీ ఊరి కైఫియత్తు ఉందేమో వెతకండి. దొరికితే ఒక కాపీ మీ ఇంట్లో పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో రిస్టోర్ టెస్ట్ ఎలా చేయాలో స్క్రీన్ మీద చూపిస్తాను. ఉంటాను మరి, నమస్తే.