మూర్ఛపోవడం వేరు, మూర్ఛ రావడం వేరు
బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన పెద్దవాళ్లు ఫిట్స్‌నీ, సొమ్మసిల్లడాన్నీ కలిపి 'మూర్ఛ' అనడం తరచూ వింటాను. ఈ మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు గడ్డకట్టడం, స్పృహ తప్పడం, పెరగడం అన్నీ అర్థాలే. సంగీతంలోని మూర్ఛన కూడా దీని తోబుట్టువే. ఫిట్స్ జబ్బుకు చరకుడు వాడిన పేరు అపస్మారం, అంటే స్మృతి తొలగడం. హిందీలో మాత్రం మూర్ఛిత్ అంటే స్పృహ తప్పినవాడే. ఫిట్స్‌ను మిర్గీ అంటారు. ఈ తేడా చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్‌కు నరంలోకి లోరాజెపామ్, ఆపైన లెవెటిరాసెటామ్ లాంటి మందు ఇస్తారు. వాటికీ లొంగకపోతే ఐసీయూలో మిడజోలామ్‌నో ప్రొపోఫాల్‌నో ఆగకుండా ఎక్కించి మత్తులో ఉంచాలి. అందుకే క్యాజువాలిటీలో 'మూర్ఛొచ్చింది' అని ఊరుకోకండి. 'దవడ బిగిసింది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, ఇన్ని నిమిషాలైంది' అని చెప్పండి.