‘మందు’ అను మాట: విద్యార్థుల నిద్రయు మద్యపానమును గూర్చిన ఒక పరిశీలన

వసతిగృహమున ప్రశ్నావళులు పంచిపెట్టి, విద్యార్థులు పూరించుచుండగా ప్రక్కన నిలుచున్న ఒకనాటి సాయంకాలము, ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్న యువకుడొకడు కాగితమునుండి తల యెత్తి, "నిద్రకి మందు అంటే ఏ మందు సార్? మెడికల్ షాపుదా, వైన్ షాపుదా?" అని యడిగెను. గదిలోనివారందఱు నవ్విరి. నేనును నవ్వితిని గాని, ఔషధమునకును మద్యమునకును మన వాడుకలో ఒకే పేరుండుటవలన, మూలమైన ఆంగ్లమున కంటబడని లోపమొకటి తెనుగు చేయగానే బయటపడినదని ఆ రాత్రి తోచినది.

నేను పంచిన రెండింటిలో మొదటిదైన, నిద్ర బాగోగులను కొలుచుటకు విరివిగా వాడబడుచున్న పిట్స్‌బర్గ్ సూచిక 1989లో వెలువడినది. ఏడు అంశములకు కలిపి 0 నుండి 21 వఱకు మార్కులు వేసి, 5 దాటినచో నిద్ర చెడినదని అది లెక్కించును. నిద్రకొఱకు మందు వాడితిరా యను ప్రశ్న అందు కలదు. కాని వైద్యుడు వ్రాసి యిచ్చినదో, చీటీ లేకయే దుకాణమున కొన్నదో అగు ఔషధమే దాని యుద్దేశము. రెండవదైన, మద్యపానమును కొలుచు ఆడిట్ ప్రశ్నావళి ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనికతో ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా దేశములలో రూపు దిద్దుకొని 1993లో వచ్చినది. అందలి పది ప్రశ్నలును ఎన్నాళ్ళకొకసారి, ఎంత, రాత్రి జరిగినది మఱునాడు గుర్తున్నదా, ఎవరికైన దెబ్బ తగిలినదా యని యడుగునే గాని, పడుకొనబోవు ముందు నిద్రకొఱకు త్రాగితివా యని యడుగవు. కనుక బ్యాక్‌లాగుల దిగులుతో కన్ను మూతపడక, పడుకొనబోవు ముందొక గ్లాసు పుచ్చుకొను విద్యార్థి మొదటి కాగితమున మందు వాడనివాడు. రెండవదానియందు అప్పుడప్పుడు త్రాగువాడు మాత్రమే.

ఆ గ్లాసు మొదటి సగము రాత్రి మాట నిలుపుకొనును. మెదడులోని ఉద్రేకమును అణచి త్వరగా నిద్ర పట్టించును, గాఢనిద్రను కొంత పెంచును. అయితే 1953లో షికాగోలో ఎసరిన్‌స్కీ, క్లైట్‌మన్‌లు ప్రకటించిన, కనుగ్రుడ్లు చలించుచుండ స్పష్టమైన కలలు వచ్చు నిద్రను అది అదే సమయమున త్రొక్కిపెట్టును. కాలేయము గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల చొప్పున ఆల్కహాలును ఖర్చు చేసికొనుచు పోవుకొలది, అణగియున్న ఉద్రేకము తిరుగబడి, తెల్లవారుజామున చెమట, దప్పి, గుండెదడ, ముక్కలైన నిద్ర మిగులును. ఎనిమిది గంటల క్లాసులో కునికి, మధ్యాహ్నము గదిలో పడి నిద్రించి, రాత్రికి మఱల నిద్ర రాక, మఱల సీసాను వెదకుకొను ఈ చక్రములో దిగులు ముందు పుట్టినదా, నిద్రలేమి ముందు పుట్టినదా యని ఒక్కనాడు పూరించిన కాగితము తేల్చజాలదు. ఆయుర్వేదాచార్యుడగు చరకుడు వాతప్రధానమైన మదాత్యయమను త్రాగుడు రోగమునకు లక్షణములు చెప్పుచు ప్రజాగరమును, అనగా నిద్ర లేమిని, వానిలో చేర్చియే యున్నాడు. మనము రెండు కాగితములుగా చింపినదానిని అతడు ఒకే రోగముగా చూచెను.

కొలతల సంగతి మఱియు వింత. సంస్థవారి లెక్కలో ఒక ‘డ్రింకు’ అనగా 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. మన కుఱ్ఱవాని లెక్క క్వార్టరు. 180 మిల్లీలీటర్ల సీసాలో 42.8 శాతము చొప్పున సుమారు 60 గ్రాములుండును, అనగా ఆఱు డ్రింకులు. వారమునకు రెండు మూడు రాత్రులు నిద్రకొఱకు క్వార్టరు త్రాగువాడు, తక్కిన ప్రశ్నలన్నిటికి ‘లేదు’ అని వ్రాసినాడనుకొందము. అతడు క్వార్టరును ‘ఒకటి’ అని వేసికొనినచో మొత్తము 3 మార్కులు. ఆఱుగా వేసినచో ఎన్నిసార్లను ప్రశ్నకు 3, ఎంతయను ప్రశ్నకు 2, ఆఱు డ్రింకులు ఎన్నిసార్లు చేరుచున్నవను ప్రశ్నకు 3, వెరసి 8. ప్రమాదరేఖ సరిగా ఆ 8 వద్దనే యున్నది. ఒక్క మాటను తెనుగు చేయుటలోని యేమరపాటుచే అతడు ఆరోగ్యవంతుల వరుసలో చేరిపోవును.

రెండు తెలుగు రాష్ట్రములలోను ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదు. వసతిగృహములలో నున్నవారిలో పెక్కుమంది పందొమ్మిది, ఇరువది యేండ్లవారు. వార్డెను చేతినుండి కాగితము పుచ్చుకొన్నవాడు నిజము వ్రాయునని యెదురుచూచుట మన అమాయకత్వమే. పేరు లేకుండ, పెట్టెలో వేయునట్లు కాగితములు తీసికొనవలెను.

అనువాదమును సవరింప కూర్చున్నప్పుడు ‘మందు’ను కొట్టివేసి ‘మాత్ర’ యని వ్రాయుమని మిత్రులు చెప్పిరి. అట్లు వ్రాసినచో నవ్వు ఆగును గాని, ఆ యువకుడు చెప్పబోయినదియు ఆగిపోవును. కావున ‘మందు’ను అట్లే యుంచి, దాని క్రింద మాత్ర, సీసా అని రెండు గళ్ళు గీసి, ప్రక్కన ‘ఎన్ని గంటలకు?’, ‘మెలకువ ఎప్పుడు వచ్చెను?’ అని రెండు ఖాళీలు విడిచితిని.