అట్ట టికెట్టు కథ

చాలా ఏళ్ళ క్రితం, రిజర్వేషను లేని దూరప్రయాణపు టికెట్టుతో బయలుదేరి, మధ్యలో ఒక ఊళ్ళో దిగి, మరునాడు అదే టికెట్టుతో మళ్ళీ రైలెక్కాను. తనిఖీ అధికారి టికెట్టును అటూ ఇటూ తిప్పి, "మీరు దిగినప్పుడే ఇది చెల్లిపోయిందండీ" అన్నారు. వెనుక స్టేషను మాస్టరు వేసిన సంతకం చూపించాను. నమ్మలేదు. పై అధికారి వచ్చి సరేననేదాకా నిలబడే ఉన్నాను, దొంగలా.

నియమం పాతదే. 500 కిలోమీటర్లకు మించిన టికెట్టుతో, ఆ మొదటి 500 దాటాక, సాధారణ రైళ్ళలో మధ్యలో దిగి రెండు రోజులు ఆగవచ్చు. దిగినచోట స్టేషను మాస్టరు చేత సంతకం, తేదీ వేయించుకోవాలి. అయితే ఈ సంగతి పుస్తకంలో ఉంటుంది, టికెట్టు మీద ఉండదు. చూసేవారికి తెలిస్తేనే అది నియమం.

అసలు ఈ టికెట్టు పుట్టింది ఎవరిని అనుమానించి? ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన వృత్తిరీత్యా చెక్కసామాను చేసేవాడు. వ్యాపారం దివాలా తీయడంతో 1836లో న్యూకాజిల్-కార్లైల్ రైలుమార్గంలో మిల్టన్ స్టేషనుకు మాస్టరుగా చేరాడు. అప్పట్లో టికెట్టంటే గుమాస్తా చేత్తో రాసిచ్చే కాగితం. అతడు ఎన్ని రాశాడో, ఎంత పైకం జమకట్టాడో పోల్చి చూడడం గగనమే. ఎడ్మండ్‌సన్ వరుస అంకెలు అచ్చువేసిన చిన్న అట్టముక్కలు చేయించాడు. తేదీ ముద్ర వేసే యంత్రానికి కార్లైల్‌లోని ఒక గడియారాల పనివాడు సాయపడ్డాడు. సాయంత్రం మిగిలిన మొదటి అంకె చూస్తే ఆనాటి అమ్మకం లెక్క తేలిపోయేది. అంటే ఆ అట్టముక్క నిఘా పెట్టింది ప్రయాణికుడి మీద కాదు, గుమాస్తా మీద!

1839లో మాంచెస్టర్-లీడ్స్ కంపెనీ ఆయన్ని తీసుకుంది. తర్వాత కంపెనీలు మైలుకు ఏడాదికి పది షిల్లింగుల చొప్పున ఆయనకు చెల్లించి ఈ పద్ధతి వాడుకున్నాయి. 1842లో లండనులో రైల్వే క్లియరింగ్ హౌస్ మొదలయ్యాక, ఒక కంపెనీ అమ్మిన టికెట్టుతో మరో కంపెనీ బండిలో సాగిపోవడం, ఆ డబ్బు పంచుకోవడం సులువయింది. మన దేశంలోనూ ఆ అట్టలే దశాబ్దాలపాటు నడిచాయి. కిటికీ వెనుక తేదీ యంత్రం చేసే టకటక చప్పుడు నాకింకా గుర్తే.

ఆ రోజు గమ్యం చేరాక గేటు దగ్గర నా టికెట్టు తీసేసుకున్నారు. వెనుకనున్న సంతకం ఎవరూ చూడలేదు.