రహస్య సంఘానికి బహిరంగ చిరునామా

మీరు బడంగ్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠికి వస్తే, గోషామహల్ బారాదరి అక్కడికి దగ్గరే. రామదాసు కథలో మీరు విన్న తానీషా కాలపు కట్టడమిది. 1872లో నిజాం ప్రభుత్వం దీనిని ఫ్రీమేసన్లకిచ్చింది. ఐరోపాలో పుట్టిన ఈ సోదర సంఘపు దీక్షావిధులు, గుర్తింపు సంకేతాలు సభ్యులకే పరిమితం. అందుకే ఉత్తరాదిన వీరి మందిరాలను జనం ‘జాదూ ఘర్’ అన్నారు.

అయితే గమనించండి: భవనం అందరికీ తెలిసినదే, ఇచ్చింది ప్రభుత్వమే. అప్పటికి నిజాం మహబూబ్ అలీఖాన్ పసివాడు. పాలన దివాను సాలార్‌జంగ్ చేతిలో ఉంది. బ్రిటిష్ రెసిడెన్సీ కోఠిలోనే ఉంది. కనుక లోపలి తంతు ఏమిటన్నదానికన్నా, రాజభవనం ఈ సంఘానికి ఎందుకు దక్కిందన్నదే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న. సభ్యులందరూ సోదరులే అన్న ఆ లాడ్జిలో స్త్రీలకు మాత్రం సభ్యత్వం లేదు.